మంచు అంచున నర్తకులు

ఉద్దేశం

క్రీడలో గెలుపు ప్రధానం, కళలో రసానుభూతి ప్రధానం. ఈ రెండింటినీ ఒకేసారి కోరే విద్య ఫిగర్ స్కేటింగ్. మంచు ఎరుగని గోదావరి సీమ విద్యార్థికి ఆ విద్యను, అందులో చిరస్మరణీయులైన పురుష కళాకారులను పరిచయం చేయడం, మన నాట్య సంప్రదాయంతో దానికి గల సాదృశ్యాన్ని చూపడం, ఓటమిని ఎదుర్కొనే తీరును గూర్చి ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గోదావరి డెల్టాలో మంచు గడ్డకట్టదు. ధనుర్మాసపు తెల్లవారుజామున వరిచేలపై పరచుకొనే పొగమంచు తప్ప, కాలు మోపదగిన మంచును ఇక్కడి ప్రజలు ప్రకృతిలో చూడరు. కాకినాడ రేవులో చేపల పెట్టెలకు ఎత్తే ఐసు దిమ్మ, ఎండాకాలంలో ఊకపొట్టు కప్పి తెచ్చే ఐసుగడ్డ, పిల్లల చేతిలోని పుల్ల ఐసు - ఇవే ఇక్కడివారు ఎరిగిన మంచు రూపాలు. అయినప్పటికీ జారుడు అంటే ఏమిటో ఈ నేల బిడ్డకు వేరొకరు చెప్పనక్కరలేదు. తొలకరి వానకు నానిన చేనిగట్టుపై నారుకట్టలు మోసుకొంటూ నడిచే కూలీ పాదమంతా ఒక్కసారిగా ఆనించడు. బొటనవేలిని మట్టిలో గుచ్చి, ఒడలి బరువును పాదపు ఒక అంచుకు మరల్చి, అడుగు తరువాత అడుగు వేస్తాడు. జారే నేలపై నిలబడడానికి పాదమంతా కాదు, పాదపు అంచు ఆధారమన్న ఆ ఎరుకయే ఫిగర్ స్కేటింగుకు మూలం.

'కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేము' అని తెలుగు సామెత. మాట విలువ తెలిపే ఈ సామెతలో కాలి జారుడుకు అంత ప్రాముఖ్యం లేదు. కాని మంచు రంగస్థలంపై కాలు ఒక్కసారి జారితే నాలుగేళ్ల సాధన నాలుగు క్షణాలలో చేజారిపోతుంది. పడినవాడు లేచి, సంగీతం ఆగకముందే లయను అందుకొని, ముఖంలో బాధ కనబడనీయక నర్తనం పూర్తిచేయాలి. ఈ విద్యలో శాశ్వత కీర్తి పొందిన పురుషుల చరిత్రను పరిశీలిస్తే, వారిలో పడనివాడు ఒక్కడూ కనిపించడు. లేచిన తీరులోనే వారి గొప్పతనం తెలుస్తుంది.

స్కేటర్ బూటుకు అడుగున సుమారు 4 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పలక అమర్చి ఉంటుంది. ఆ పలక అడుగుభాగం చదునుగా ఉండక, సన్నని కాలువ వలె లోనికి పల్లంగా చెక్కబడి ఉంటుంది. అందువల్ల దానికి లోపలి అంచు, వెలుపలి అంచు అని రెండు అంచులు ఏర్పడతాయి. ముందుభాగంలో రంపపు పళ్ల వంటి మొనలు ఉంటాయి. అంచుపై ఒరిగి జారడం, మొనతో మంచును తన్ని గాలిలోకి లేవడం, గాలిలో తిరిగి వెనుకకు జారుతూ ఒంటికాలిపై వాలడం - ఈ మూడింటి కలయికయే ఈ విద్య. అంతర్జాతీయ పోటీలలో రంగస్థలం 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు కలిగి ఉంటుంది. అంత విశాలమైన వేదికపై మనిషికి ఆధారం బియ్యపుగింజ పొడవైనా లేని ఒక ఉక్కు అంచు మాత్రమే.

గాలిలోకి ఎగిరే విన్యాసాలను మన నాట్యశాస్త్రకారులు ఉత్ప్లవనాలన్నారు. నిలిచిన చోట గిరగిర తిరగడాన్ని భ్రమరి అన్నారు. నందికేశ్వరుని అభినయదర్పణం ఉత్ప్లవనాలను ఐదుగాను, భ్రమరులను ఏడుగాను విభజించింది. స్కేటింగులో ముఖ్యమైన ఉత్ప్లవనాలు ఆరు. భ్రమరులు ప్రధానంగా మూడు: నిటారుగా నిలిచి తిరిగేది, మోకాలు వంచి కూర్చొన్నట్లు తిరిగేది, ఒక కాలిని వెనుకకు నేలకు సమాంతరంగా చాచి తిరిగేది. అభినయదర్పణంలోని ఏకపాద భ్రమరిని, కుంచిత భ్రమరిని ఎరిగినవారికి ఇవి పూర్తిగా కొత్తవి కావు. చేతులు చాచి తిరుగుతున్న స్కేటర్ వాటిని రొమ్ముకు దగ్గరగా ముడుచుకొనగానే అతని వేగం హెచ్చుతుంది. భౌతికశాస్త్రంలో కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమంగా విద్యార్థులు చదువుకొనే సూత్రానికి ఇది కన్నులపండువైన నిదర్శనం.

ఈ విద్యకు 'ఫిగర్' అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసుకొంటే మనకు మరింత ఆత్మీయత కలుగుతుంది. ఫిగర్ అనగా ఇక్కడ ఆకృతి, ముగ్గు వంటి రేఖాచిత్రం. తొలినాళ్లలో స్కేటర్లు ఉక్కు అంచుతో మంచుపై ఎనిమిది అంకె వంటి వలయాలను గీసేవారు. గీసిన గీతపైననే మరల మరల జారుతూ, గీత చెదరకుండా చూపాలి. న్యాయనిర్ణేతలు మంచుపైకి వంగి ఆ గీతలను పరీక్షించి మార్కులు వేసేవారు. ఒకప్పుడు మొత్తం మార్కులలో సగానికి పైగా ఈ రేఖలకే ఉండేవి. 1990 తరువాత అంతర్జాతీయ పోటీల నుండి వీటిని తొలగించారు. తెలుగునాట సింహనందిని అనే నృత్యంలో నర్తకి తాళం తప్పకుండా పాదాలతో సింహాకృతిని చిత్రిస్తుంది. మయూర కౌత్వంలో నెమలి రూపుదిద్దుకొంటుంది. కూచిపూడి తరంగంలో నర్తకులు ఇత్తడి పళ్లెపు అంచుపై పాదాలు మోపి నర్తిస్తారు. పాదంతో చిత్రం గీయడం, లోహపు అంచుపై నిలిచి ఆడడం - ఈ రెండూ తెలుగువారికి తెలిసిన విద్యలే. ఒకచోట ఇత్తడి, మరొకచోట ఉక్కు.

మంచుపై గీతలు గీసే కఠిన వ్యాయామాన్ని సంగీతంతో మేళవించి నాట్యంగా మార్చినవాడు అమెరికాకు చెందిన జాక్సన్ హేన్స్. బాలే నృత్యం ఎరిగిన ఇతని పద్ధతి స్వదేశంలో ఆదరణ పొందలేదు. 1860 దశకంలో ఐరోపాకు వెళ్లిన తరువాత వియన్నా నగరం ఇతనికి బ్రహ్మరథం పట్టింది. 1875లో ఫిన్లాండులో మరణించే నాటికి సైతం స్వదేశీయులు ఇతని విలువను గుర్తించలేదు. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 1892లో ఏర్పడింది. తొలి ప్రపంచ పోటీ 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగింది. 1908లో లండన్ ఒలింపిక్ క్రీడలలో ఈ విద్యకు చోటు లభించింది. శీతాకాలపు ఒలింపిక్స్ ఆరంభమైన 1924కు ముందే ఇది ఒలింపిక్ క్రీడ కావడం విశేషం.

1908లో పురుషుల స్వర్ణపతకాన్ని గెలిచిన ఉల్రిక్ సాల్కో స్వీడన్ దేశస్థుడు. ఇతడు పదిసార్లు ప్రపంచ విజేత. తాను కనిపెట్టిన ఉత్ప్లవనానికి తన పేరునే మిగిల్చిపోయాడు. నేటికీ దానిని సాల్కో అనే వ్యవహరిస్తారు. 1902 ప్రపంచ పోటీలో ఇతని తరువాతి స్థానంలో నిలిచినది మాడ్జ్ సైయర్స్ అనే ఆంగ్ల మహిళ. స్త్రీలు పాల్గొనరాదని నియమావళిలో స్పష్టంగా లేకపోవడం వల్ల ఆమె పురుషులతో పోటీపడి, ఒక్కరికి తప్ప అందరికీ మిన్న అనిపించుకొంది. సాల్కో తరువాత అదే దేశానికి చెందిన గిల్లిస్ గ్రాఫ్‌స్ట్రామ్ 1920, 1924, 1928 సంవత్సరాలలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు సాధించాడు. 1932లో రజతం పొందాడు. పురుషుల వ్యక్తిగత పోటీలో మూడు స్వర్ణాల ఘనత అతనిది మాత్రమే.

ఒక్క ఉత్ప్లవనం చరిత్రను అనుసరిస్తే మానవ ప్రయత్నపు గమనం బోధపడుతుంది. 1882లో వియన్నాలో నార్వే దేశస్థుడు ఆక్సెల్ పాల్సెన్ ముఖం ముందుకు ఉంచి ఎగిరి, గాలిలో ఒకటిన్నర చుట్లు తిరిగి వాలాడు. మిగిలిన ఉత్ప్లవనాలన్నీ వెనుకకు జారుతూ ఆరంభమవుతాయి. ఇది ఒక్కటే ముందుకు సాగుతూ ఆరంభం కావడం వల్ల అర చుట్టు అధికంగా తిరగవలసి ఉంటుంది. ఆక్సెల్ అని పేరుపొందిన ఈ విన్యాసాన్ని రెండున్నర చుట్లకు పెంచినవాడు అమెరికా యువకుడు డిక్ బటన్. ఆ ఘట్టం 1948 సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్సులో జరిగింది. మూడున్నర చుట్లను 1978లో కెనడాకు చెందిన వెర్న్ టేలర్ సాధించాడు. నాలుగున్నర చుట్లను 2022లో అమెరికాకు చెందిన ఇలియా మలినిన్ సాధించాడు. ఒకటిన్నర నుండి నాలుగున్నరకు, అనగా మూడు చుట్లు పెరగడానికి, మానవజాతికి 140 సంవత్సరాలు పట్టింది. గాలిలో నిలిచే కాలం మాత్రం నాటికీ నేటికీ ఒక్క సెకను కంటె తక్కువే.

డిక్ బటన్ 1948, 1952 సంవత్సరాలలో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. 1952లో ఓస్లోలో మూడు చుట్ల ఉత్ప్లవనాన్ని తొలిసారిగా పోటీలో ప్రదర్శించాడు. తరువాత టెలివిజన్ వ్యాఖ్యాతగా ఈ విద్యలోని మెళకువలను సామాన్య ప్రేక్షకునికి దశాబ్దాల పాటు విప్పిచెప్పాడు. 2025లో 95వ ఏట మరణించే వరకు ఈ విద్యకు పెద్దదిక్కుగా నిలిచాడు. సాధించినవాడు బోధకుడు కూడా కావడం అరుదైన విషయం.

పురుషునికి బలమే గాని లాలిత్యం తగదన్న భావన పశ్చిమ దేశాలలో చాలాకాలం బలంగా ఉండేది. ఆ భావనకు ఎదురు నిలిచినవాడు జాన్ కర్రీ. 1949లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించిన ఇతడు బాల్యంలో నాట్యం నేర్చుకొంటానని కోరగా తండ్రి అంగీకరించలేదు. మగపిల్లవానికి నాట్యమేమిటన్నది ఆ తండ్రి అభ్యంతరం. స్కేటింగును మాత్రం క్రీడగా భావించి అనుమతించాడు. మూసిన ద్వారాన్ని విడిచి కర్రీ తెరిచిన ద్వారం గుండా నాట్యంలోకే ప్రవేశించాడు. మంచుపై బాలే సౌష్ఠవాన్ని నిలిపి, 1976లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్సులో స్వర్ణం సాధించాడు. అదే సంవత్సరం ఐరోపా, ప్రపంచ పోటీలలో కూడా విజేత అయ్యాడు. అనంతరం స్కేటర్లతో ఒక నాట్యబృందాన్ని నిర్మించి, పోటీతో నిమిత్తం లేని శుద్ధకళగా దానిని ప్రదర్శించాడు. ఎయిడ్స్ వ్యాధికి గురైన సంగతిని, లోకం ఆ పేరు వింటేనే జంకే రోజులలో, దాచుకొనక చెప్పుకొన్నాడు. 1994లో 44వ ఏట మరణించాడు.

కర్రీ తండ్రి సందేహం కృష్ణాతీరపు కూచిపూడి గ్రామంలో తలెత్తి ఉండేది కాదు. ఆ గ్రామంలో తరతరాలుగా నాట్యం పురుషుల విద్య. భామాకలాపంలో సత్యభామ వేషాన్ని ధరించడం పురుషునికి గౌరవం. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషంలో నిలిచినపుడు ప్రేక్షకులకు సత్యభామయే కనిపించేది. 1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. గోదావరి సీమలో సైతం ద్రాక్షారామ ప్రాంతపు వీరనాట్యం ఉద్ధతిని, గరగ నృత్యం తలపై కలశం చెదరని సమతను పురుషులకే అప్పగించాయి. తాండవం, లాస్యం అనే రెండింటినీ నాట్యానికి రెండు కన్నులుగా భావించిన సంప్రదాయం మనది. ఉత్తమ స్కేటర్లో సైతం ఉత్ప్లవనం తాండవమైతే, జారుడు లాస్యమవుతుంది. ఒకదానిని విడిచి మరొకటి నిలువదు.

పోటీ అన్న తరువాత గెలుపు ఓటముల నడుమ ఎంతటి సన్నని గీత ఉంటుందో 1988 కాల్గరీ ఒలింపిక్స్ చాటిచెప్పింది. అమెరికాకు చెందిన బ్రయన్ బొయిటానో, కెనడాకు చెందిన బ్రయన్ ఆర్సర్ సరిసమానులుగా బరిలో దిగారు. తొమ్మండుగురు న్యాయనిర్ణేతలలో ఐదుగురు బొయిటానోను, నలుగురు ఆర్సర్‌ను ఎంచుకొన్నారు. స్వదేశంలో, స్వజనుల ఎదుట, ఒక్క ఓటు తేడాతో ఆర్సర్ స్వర్ణం కోల్పోయాడు. 1984లోనూ అతనికి దక్కినది రజతమే. ఆ దుఃఖాన్ని అతడు వృథా పోనీయలేదు. శిక్షకుడై, తనకు చేజారిన స్వర్ణాన్ని శిష్యులకు అందించాడు. అతని శిష్యులలో ఒకడు పురుషుల స్కేటింగ్ చరిత్రనే మార్చాడు. ఆ శిష్యుని కథకు ముందు మరొక వివాదాన్ని తెలుసుకోవాలి.

1988లోనే కెనడాకు చెందిన కర్ట్ బ్రౌనింగ్ బుడాపెస్ట్ ప్రపంచ పోటీలో నాలుగు చుట్ల ఉత్ప్లవనాన్ని తొలిసారిగా ప్రామాణికంగా సాధించాడు. క్రమంగా నాలుగు చుట్లు పురుషుల స్కేటింగులో పౌరుషచిహ్నమయ్యాయి. 2002లో రష్యాకు చెందిన అలెక్సీ యాగుదిన్, 2006లో అదే దేశానికి చెందిన ఎవ్‌గెనీ ప్లుషెంకో ఆ బలంతోనే స్వర్ణాలు గెలిచారు. కాని 2010 వాంకూవర్ ఒలింపిక్సులో ప్లుషెంకో నాలుగు చుట్లు తిరిగినా రజతమే పొందాడు. నాలుగు చుట్లు లేకుండా, అన్ని అంగాలను దోషరహితంగా నిర్వహించిన అమెరికా స్కేటర్ ఎవన్ లైసాచెక్ స్వర్ణం గెలిచాడు. కష్టసాధ్యమైనది చేయడం గొప్పదా, చేసినదానిని నిర్దుష్టంగా చేయడం గొప్పదా అన్న చర్చ లోకమంతటా సాగింది. కావ్యంలో ప్రౌఢి మిన్నయా, ప్రసాదం మిన్నయా అన్న ఆలంకారికుల చర్చకు ఇది దగ్గరి బంధువు. ఆ పోటీలోనే జపాన్ స్కేటర్ దైసుకే తకాహాషి కాంస్యం గెలిచి, పురుషుల వ్యక్తిగత విభాగంలో ఒలింపిక్ పతకం పొందిన తొలి ఆసియావాసి అయ్యాడు.

ఆర్సర్ శిష్యుడు యుజురు హన్యూ 1994లో జపాన్‌లోని సెందాయ్ నగరంలో జన్మించాడు. పసితనం నుండే ఉబ్బసవ్యాధి అతనిని బాధించింది. 2011 మార్చి 11న మహాభూకంపం సంభవించిన వేళ పదహారేళ్ల హన్యూ మంచుపై సాధన చేస్తున్నాడు. భవనం ఊగిపోతుండగా, కాళ్లకు ఉక్కు పలకలతోనే వెలుపలికి పరుగెత్తాడు. కుటుంబంతో కలిసి కొన్ని రోజులు పునరావాస కేంద్రంలో తలదాచుకొన్నాడు. సాధన చేసిన స్థలం మూతపడింది. ఊళ్లో వేలమంది సర్వస్వం కోల్పోయిన వేళ తాను స్కేటింగ్ చేయడం తగునా అన్న సందేహం అతనిని వేధించింది. తుపానులకూ వరదలకూ ఇల్లూవాకిలీ కోల్పోయి, మరునాడు మడమతో మట్టిని తొక్కి కొత్త గట్టు వేసుకొనే కోనసీమ వాసులకు ఆ సందేహమూ తెలుసు, దాని సమాధానమూ తెలుసు. హన్యూ ప్రదర్శనలు ఇస్తూ, తిరిగిన ఊరల్లా సాధన కొనసాగించాడు. తన ఆత్మకథపై వచ్చిన ఆదాయాన్ని సెందాయ్‌లోని ఆ మంచు మైదానానికే విరాళంగా ఇచ్చాడు.

2014లో సోచి ఒలింపిక్సులో హన్యూ స్వర్ణం గెలిచాడు. తుది ప్రదర్శనలో రెండుసార్లు పడి, లేచి, గెలిచాడు. అదే ఏడాది నవంబరులో చైనాలో పోటీకి ముందు సన్నాహంలో మరొక స్కేటర్‌తో ఢీకొని తలకు గాయమైంది. తలకు కట్టు కట్టించుకొని బరిలో దిగి, ఐదుసార్లు పడినా చివరివరకూ నర్తించి రజతం పొందాడు. గాయపడినవానిని ఆడనీయడం సబబా అన్న విమర్శ అప్పుడు బలంగా వినిపించింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. ధైర్యానికీ దుస్సాహసానికీ నడుమ గీత గీయడం పెద్దల బాధ్యత. 2015లో మొత్తం మార్కులు 300 దాటిన తొలి పురుషునిగా అతడు చరిత్రకెక్కాడు. చీలమండ గాయం నుండి కోలుకొని 2018లో ప్యోంగ్‌చాంగ్‌లో మరల స్వర్ణం సాధించాడు. డిక్ బటన్ తరువాత వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన పురుషుడు అతడే. ఆ ప్రదర్శనకు అతడు ఎంచుకొన్న ఇతివృత్తం జపాన్ ప్రాచీన గాథలలోని ఆబే నో సేమేయ్ అనే మాంత్రికుని పాత్ర. సొంత నేల కథను ప్రపంచ వేదికపై నిలిపి గెలిచాడు.

మూడవ స్వర్ణం కోసం 2022లో బీజింగ్ చేరిన హన్యూ తొలి ప్రదర్శనలో మంచులోని ఒక గుంటలో ఉక్కు మొన చిక్కడంతో ఎనిమిదవ స్థానానికి జారిపోయాడు. తుది ప్రదర్శనలో జాగ్రత్తగా ఆడి పతకం పొందే యత్నం చేయవచ్చు. అతడు నాలుగున్నర చుట్ల ఆక్సెల్‌ను ఎంచుకొన్నాడు. ఎగిరాడు, పడ్డాడు, లేచాడు, మిగిలిన నర్తనం నిండుగా పూర్తిచేశాడు. దక్కినది నాలుగవ స్థానం. కాని అధికార పత్రాలలో నాలుగున్నర చుట్ల ప్రయత్నంగా నమోదైన తొలి ఉత్ప్లవనం అదే. కొన్ని నెలలకే అమెరికా యువకుడు మలినిన్ దానిని తప్పు లేకుండా సాధించాడు. ఒకడు పడినచోట మరొకడు నిలిచాడు. విద్య ముందుకు సాగే విధానం ఇదే.

బీజింగ్ స్వర్ణం నేథన్ చెన్ అనే అమెరికా స్కేటర్‌కు దక్కింది. అతని గెలుపు వెనుక 2018 నాటి ఓటమి ఉంది. ఆ ఏడు తొలి ప్రదర్శనలో తడబడి పదిహేడవ స్థానంలో నిలిచాడు. మరునాడు కోల్పోవడానికి ఏమీ మిగలని మనస్సుతో ఆరు నాలుగు చుట్ల ఉత్ప్లవనాలకు పూనుకొని, ఆ భాగంలో అందరికంటె అధిక మార్కులు పొంది, మొత్తం మీద ఐదవ స్థానానికి ఎగబాకాడు. ఆ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూనే సాధన కొనసాగించాడు. చదువూ ఆటా ఒకదానికొకటి శత్రువులన్న అభిప్రాయానికి అతని జీవితం సమాధానం.

ఈ విద్యలో తెలుగువారి ప్రమేయం లేదా అన్న ప్రశ్న సహజం. మంచు లేనిచోట చక్రాలు ఉంటాయి. బూటుకు ఉక్కు పలక బదులు చక్రాలు అమర్చి, నునుపైన గచ్చుపై చేసే కళాత్మక రోలర్ స్కేటింగులో సైతం సాల్కో, ఆక్సెల్ మొదలైన ఉత్ప్లవనాలే ఉంటాయి. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా ఈ విద్యలో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్యపతకాలు సాధించాడు. ఒకటి వ్యక్తిగత విభాగంలోనిది, మరొకటి అవనీ పంచాల్‌తో కలిసి జంటల విభాగంలో పొందినది. 2015లో భారత ప్రభుత్వం అర్జున పురస్కారంతో అతనిని గౌరవించింది. స్కేటర్లకు క్రికెట్ క్రీడాకారుల వలె ఊరూరా గుర్తింపు ఉండదు. గుర్తింపు లేనిచోట సాధన కొనసాగించడానికి అదనపు ధైర్యం కావాలి. గచ్చుపై పడితే మోకాలి చర్మం లేస్తుంది. మంచు వలె అది జారనీయదు. నార్వే దేశస్థుడు వియన్నా మంచుపై కనిపెట్టిన ఉత్ప్లవనం దక్కను పీఠభూమి యువకుని పాదాలకు చేరడమే విద్యకు ఎల్లలు లేవనడానికి సాక్ష్యం.

ఇంతమందిలో సర్వకాలాలకూ ఉత్తముడు ఎవరు? పతకాలను లెక్కించేవారు గ్రాఫ్‌స్ట్రామ్‌ను చూపుతారు. కొత్తదారి తీసినవారిని మెచ్చేవారు బటన్‌ను చూపుతారు. సౌందర్యాన్ని కోరేవారు కర్రీని, సాహసాన్ని కోరేవారు హన్యూను చూపుతారు. ఎంపిక ఎంచేవాని మనస్సును కూడా తెలుపుతుంది. మంచుపై గీసిన గీత ఎంత సుందరమైనదైనా, ప్రదర్శన ముగియగానే యంత్రం వచ్చి నీరు పోసి దానిని చెరిపివేస్తుంది. ఇంటి ముంగిట వేసిన ముగ్గు సైతం మధ్యాహ్నానికి చెదరిపోతుంది. అయినా మరునాటి ఉదయం ఇల్లాలు మరల చుక్కలు పెడుతుంది. చెరిగిపోతుందని తెలిసి కూడా గీతను వంకర లేకుండా గీయడమే కళ. పడతామని తెలిసి కూడా ఎగరడమే సాధన. గోదావరి తీరపు చేనిగట్టుపై బొటనవేలు గుచ్చి నడిచే మనిషికీ, మంచు అంచున నర్తించే మనిషికీ ఉమ్మడి పాఠం అదే.

కఠిన పదాలకు అర్థాలు

సాదృశ్యం - పోలిక
ఉత్ప్లవనం - పైకి ఎగిరి చేసే నాట్య విన్యాసం
భ్రమరి - నిలిచిన చోట చుట్టూ తిరగడం
కుంచితం - వంచినది
సౌష్ఠవం - అవయవాల పొందిక, తీర్పు
ఉద్ధతి - తీవ్రత, వీరోచితమైన విజృంభణ
లాస్యం - సుకుమారమైన నాట్యం
ప్రౌఢి - గంభీరమైన రచనాశక్తి
ప్రసాదం - సులభంగా అర్థమయ్యే కావ్యగుణం
నిర్దుష్టం - దోషం లేనిది
దుస్సాహసం - తగని తెగువ

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. 'ఫిగర్' అన్న పేరు ఈ విద్యకు ఎందుకు వచ్చింది? దానికి దగ్గరగా ఉన్న తెలుగు నృత్యాలను పేర్కొనండి.
2. ఆక్సెల్ ఉత్ప్లవనం ఇతర ఉత్ప్లవనాల కంటె ఏ విధంగా భిన్నమైనది? అది ఎలా అభివృద్ధి చెందింది?
3. బ్రయన్ ఆర్సర్ తన ఓటమిని ఎలా సద్వినియోగం చేసుకొన్నాడు?

ఆ) కింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. పురుషునికి లాలిత్యం తగదన్న అభిప్రాయాన్ని జాన్ కర్రీ జీవితం, కూచిపూడి సంప్రదాయం ఆధారంగా చర్చించండి.
2. యుజురు హన్యూ జీవితంలో ధైర్యానికీ దుస్సాహసానికీ నడుమ గీత ఎక్కడ ఉన్నదని మీ అభిప్రాయం? కారణాలతో రాయండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఒకడు పడినచోట మరొకడు నిలిచాడు.
2. ఎంపిక ఎంచేవాని మనస్సును కూడా తెలుపుతుంది.